స్వాల్బార్డ్‌కి చిన్న షిప్‌లో ఎక్స్‌పెడిషన్ క్రూజ్: అక్కా నేనూ వెళ్ళొచ్చిన రివ్యూ

ముందు మార్కులు చెప్పేస్తా, తర్వాత తీరిగ్గా చదువుకోండి. గైడ్లకి ఐదుకి ఐదు, షిప్‌కి నాలుగు, తిండికి మూడు (వెజ్ వాళ్ళకి రెండున్నర), మాకు ఈ ట్రిప్ అమ్మిన హైదరాబాద్ ట్రావెల్ ఏజెంట్‌కి ఒకటి, ఆ ఒకటి కూడా ఆఫీసులో ఇప్పించిన ఇరానీ చాయ్‌కి. కంపెనీ పేరూ ఏజెంట్ పేరూ రాయట్లేదు, ఈ రూట్లో తిరిగే చిన్న షిప్పులు దాదాపు అన్నీ ఒకే పద్ధతిలో నడుస్తాయి కాబట్టి ఏం చూసి ఎంచుకోవాలో తెలిస్తే మీకు సరిపోతుంది.

తెలియనివాళ్ళకి, స్వాల్బార్డ్ అంటే నార్వేకీ ఉత్తర ధ్రువానికీ మధ్యలో ఉన్న దీవులు. సగానికి పైగా గ్లేసియర్లే. లాంగ్‌ఇయర్‌బైయెన్ అనే చిన్న ఊరు 78 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర ఉంటుంది, షిప్ అక్కడే ఎక్కాలి. అంటార్కిటికా ఎందుకు వెళ్ళలేదు అని అందరూ అడుగుతున్నారు. దానికి అర్జెంటీనా కొస దాకా వెళ్ళి, అక్కడి నుంచి డ్రేక్ పాసేజ్ అనే సముద్రం దాటాలి, వెళ్ళేటప్పుడు దాదాపు రెండు రోజులు, వచ్చేటప్పుడు రెండు రోజులు, సముద్రం మూడ్ బాగాలేకపోతే ఆ నాలుగు రోజులూ మంచం మీదే. మా అక్కకి తిరుమల ఘాట్ రోడ్డు మీదే వాంతులు. స్వాల్బార్డ్ అయితే ఫ్రాంక్‌ఫర్ట్ లేదా దోహా మీదుగా ఓస్లో, అక్కడి నుంచి ఇంకో మూడు గంటల ఫ్లైట్, అంతే. షిప్ కూడా ఎక్కువ భాగం దీవుల మధ్యా ఫ్యోర్డుల (కొండల మధ్యకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయలు) లోపలా తిరుగుతుంది. పడమటి వైపు ఓపెన్ సముద్రంలోకి వచ్చినప్పుడు మాత్రం ఊపింది, అక్క అవోమిన్ వేసుకుని పడుకుంది (మీరు మీ డాక్టర్ని అడిగి వేసుకోండి).

ఇప్పుడు ఏజెంట్ సంగతి. వీసా దగ్గరే మొదటి గొడవ. స్వాల్బార్డ్ నార్వేదే అయినా షెంగెన్ (ఒకే వీసాతో తిరిగే యూరప్ దేశాల గుంపు) లోపల లేదు. అంటే ఓస్లో నుంచి ఫ్లైట్ ఎక్కగానే మీరు షెంగెన్ నుంచి బయటికి వెళ్ళిపోయినట్టు, తిరిగి ఓస్లోలో దిగితే రెండోసారి లోపలికి వచ్చినట్టు. కాబట్టి డబుల్ ఎంట్రీ లేదా మల్టిపుల్ ఎంట్రీ వీసా ఉండాల్సిందే. మావాడు "నార్వే ఒక్కటే కదా మేడమ్" అని సింగిల్ ఎంట్రీ అని టిక్ పెట్టి ఫారం తయారు చేసేశాడు. అక్క రిటైర్డ్ టీచర్, ఏ కాగితం ఇచ్చినా ఎర్ర పెన్ను తీసే అలవాటు, "బాబూ, ఇది చూశావా" అని ఆ టిక్ చుట్టూ సున్నా చుట్టి ఇచ్చింది. చూడకపోయుంటే తిరుగు ప్రయాణంలో ఏమయ్యేదో దేవుడికే తెలియాలి. తమాషా ఏంటంటే 1920లో జరిగిన స్వాల్బార్డ్ ఒప్పందం మీద సంతకం చేసిన దేశాల్లో ఇండియా కూడా ఉంది, అప్పటికి బ్రిటిష్ వాళ్ళ కింద ఉన్నాం అనుకోండి. దాని వల్ల ఆ దీవుల్లో ఉండడానికి మనకి వీసానే అక్కర్లేదు, కాకపోతే అక్కడికి చేరాలంటే నార్వే గుమ్మం దాటాలి, ఆ గుమ్మానికి వీసా కావాలి!

రెండో గొడవ ఇంకా పెద్దది. బ్రోషర్‌లో ధ్రువపు ఎలుగుబంటి మొహం ఫుల్ పేజీ ఫోటో, కింద "క్లోజ్ ఎన్‌కౌంటర్ గ్యారంటీ" అని. అది పచ్చి అబద్ధం. 2025 జనవరి నుంచి అక్కడ రూల్స్ మారాయి. ఎలుగుబంటికి 300 మీటర్ల లోపలికి ఎవరూ వెళ్ళకూడదు, మార్చి నుంచి జూన్ చివరి దాకా అయితే 500 మీటర్లు. ప్రొటెక్టెడ్ ఏరియాల్లోకి 200 మందికి మించి ప్యాసింజర్లున్న షిప్పులు రాకూడదు, దిగడం కూడా గుర్తించిన చోట్లలోనే. అంటే ఆ దగ్గరి ఫోటోలన్నీ పాత రోజులవి. మీ ఏజెంట్ ఇలాంటి ఫోటో చూపించి అమ్ముతుంటే ఈ రూల్ గురించి అడగండి, మొహం మారుతుంది.

మరి మాకు కనపడిందా అంటే కనపడింది. ఒక పొద్దున దిగడానికి అంతా రెడీ అయ్యాం, బూట్లు వేసుకుని లైన్లో నిలబడ్డాం, గైడ్లు మాకంటే ముందు బోట్లో వెళ్ళి ఒడ్డంతా బైనాక్యులర్లతో వెతుకుతారు, వెతికితే రాళ్ళ మధ్య ఒకటి పడుకుని నిద్రపోతోంది. అంతే, ల్యాండింగ్ క్యాన్సిల్. షిప్ డెక్ మీద టెలిస్కోప్ పెట్టి ఒక్కొక్కళ్ళనీ చూడమన్నారు. తెల్లగా ఉంటుందనుకున్నా, మంచు పక్కన పెడితే మీగడ రంగు. ఒకసారి తల ఎత్తి గాలి వాసన చూసి మళ్ళీ పడుకుంది. మా వెనకాల ఒకాయన, ఏ దేశమో చెప్పను, "ఇంత డబ్బు కట్టాం, ఇంకొంచెం దగ్గరికి పోనివ్వండి" అని గొణిగాడు. ఎక్స్‌పెడిషన్ లీడర్ ఆవిడ నవ్వుతూనే, అది నిద్ర లేచి మన వల్ల పరిగెత్తితే ఆ ఎండాకాలంలో దాచుకున్న కొవ్వు ఖర్చవుతుంది, సముద్రం మీద మంచు గడ్డ కట్టేదాకా దానికి సీల్ వేట సరిగ్గా దొరకదు అని చెప్పింది. నాకైతే ఆ రూల్ నూటికి నూరు పాళ్ళు కరెక్ట్ అనిపించింది. దగ్గరగా చూడాలంటే మన జూ పార్కులు ఎటూ ఉన్నాయి.

అసలు ఈ ట్రిప్‌కి రివ్యూ రాయాలంటే కొలవాల్సింది ఒక్కటే, షిప్ వదిలి ఎంతసేపు బయట ఉన్నాం అనేది. క్యాబిన్‌కి బాల్కనీ ఉందా, సూపు ఎన్ని రకాలు, స్పా ఉందా, ఇవన్నీ మామూలు క్రూజ్ లెక్కలు. మా షిప్‌లో వంద మంది లోపే, కాబట్టి జోడియాక్‌లు (రబ్బరు మోటారు బోట్లు, ఒక్కోదాంట్లో పది మంది దాకా) దించితే అందరం ఒకేసారి బయటికి వెళ్ళాం, పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి. రెండొందల మంది ఉన్న షిప్ అయితే బ్యాచ్‌లు చేస్తారు, ఒక బ్యాచ్ తిరిగి వచ్చేదాకా ఇంకో బ్యాచ్ లోపల కాఫీ తాగుతూ కూర్చోవాలి. అంటార్కిటికాలో కూడా ఇదే లెక్క, అక్కడ ఒక చోట ఒకసారికి వంద మందే ఒడ్డు మీద ఉండాలి, ఐదొందలు దాటిన షిప్ అయితే అసలు దించనే దించరు. అందుకే బుక్ చేసే ముందు "స్టార్ రేటింగ్ ఎంత" అనకుండా "ప్యాసింజర్లు ఎంతమంది, గైడ్లు ఎంతమంది, అందరూ ఒకేసారి దిగుతారా" అని అడగండి. మేం అన్నిటికంటే కింది డెక్‌లో గుండ్రటి కిటికీ ఉన్న చవక క్యాబిన్ తీసుకున్నాం, ఒక్కసారి కూడా బాధ పడలేదు, నిద్రకి తప్ప అందులో ఉంటే కదా.

జోడియాక్ ఎక్కడం గురించి ఎవరూ సరిగ్గా రాయరు, నేను రాస్తా, ఎందుకంటే అక్క మోకాలికి ఇదే పెద్ద భయం. షిప్ పక్కన ఇనుప మెట్లు దిగాలి, నిటారుగానే ఉంటాయి. చివర చిన్న ప్లాట్‌ఫాం. కింద బోటు అలలకి లేస్తూ పడుతూ ఉంటుంది. గైడ్‌తో చెయ్యి కలపకూడదు, షేక్‌హ్యాండ్ పట్టు జారుతుంది, ఆయన ముంజేయి మనం, మన ముంజేయి ఆయన, మణికట్టు పైన గట్టిగా పట్టుకోవాలి. దీనికి ముందు రోజు క్లాసు కూడా పెడతారు. బోటు పైకి లేచినప్పుడు "ఇప్పుడు" అంటాడు, ఒక అడుగు రబ్బరు ట్యూబ్ మీద, రెండో అడుగు లోపల మెట్టు మీద, వెంటనే కూర్చుని పక్కకి జరిగిపోవాలి, నిలబడి సెల్ఫీలు కుదరవు. అక్క మొదటిసారి ప్లాట్‌ఫాం మీద ఆగిపోయింది. ఆ గైడ్ కుర్రాడు తొందర పెట్టలేదు, రెండు అలలు వదిలేసి మూడోదానికి "నౌ మేడమ్" అన్నాడు, అటు పక్క ఇంకో గైడ్ పట్టుకున్నాడు, ఎక్కేసింది. తర్వాత్తర్వాత నాకంటే స్పీడ్. ఒడ్డు దగ్గర మాత్రం ప్లాట్‌ఫాం ఉండదు, ట్యూబ్ మీద కూర్చుని కాళ్ళు అటు తిప్పి నీళ్ళలోకి దిగాలి, మోకాళ్ళ దాకా వచ్చే రబ్బరు బూట్లు షిప్ వాళ్ళే ఇస్తారు. ఒడ్డు మీద మూడు గుంపులు చేస్తారు, కొండలెక్కే వాళ్ళు, మధ్యరకం, నెమ్మదిగా నడిచేవాళ్ళు. అక్క మూడో గుంపు. నిజం చెప్పాలంటే ఎక్కువ జంతువుల్ని చూసింది ఆ గుంపే, ఎందుకంటే ఆగి చూసే తీరిక వాళ్ళకే ఉంది. మా మధ్యరకం గుంపు చెమటలు కక్కుతూ కొండెక్కి దిగేలోపు వీళ్ళు పొట్టి కాళ్ళ రెయిన్‌డీర్‌ని, ఆర్కిటిక్ నక్కని చూసేశారు.

దిగే ముందు మన బట్టల వెల్క్రోల్లో, జేబుల్లో ఉన్న గడ్డి గింజలన్నీ వ్యాక్యూమ్ క్లీనర్‌తో లాగేస్తారు, తిరిగి వచ్చేటప్పుడు బూట్లు బ్రష్‌తో కడగాలి. ఒడ్డు మీద తిండి నిషేధం, డ్రోన్లు నిషేధం, రాయి కూడా తెచ్చుకోకూడదు. గైడ్ల దగ్గర రైఫిల్స్ ఉంటాయి, ముందు భయపెట్టడానికి ఫ్లేర్ గన్ వేరే ఉంటుంది, వాళ్ళు నాలుగు వైపులా నిలబడితే మనం మధ్యలో తిరగాలి. గీత దాటి ఫోటో కోసం పోతే అందరి ముందే అరుస్తారు, మంచిదే.

అన్నిటికంటే పైసా వసూల్ అనిపించింది ఆల్కెఫ్యెల్లెట్. హిన్‌లోపెన్ జలసంధిలో వంద మీటర్ల నిలువు నల్లరాతి కొండ, స్తంభాలు పేర్చినట్టు, దాని ప్రతి అంచు మీదా పక్షి. బ్రూనిక్స్ గిల్లిమాట్ అంటారు, నల్ల కోటు తెల్ల చొక్కా, అరవై వేల జంటల దాకా గూడు పెడతాయట, గూడంటే గూడు కాదు, ఉత్త రాయి మీదే ఒక్క గుడ్డు. ఆ గుడ్డు ఒక వైపు కోసుగా ఉంటుంది, సులువుగా దొర్లి పడదు అంటారు. హైదరాబాద్ ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో పెద్ద హీరో సినిమాకి ఫస్ట్ డే టికెట్ కౌంటర్ దగ్గర ఎలా ఉంటుందో ఆ కొండంతా అలా ఉంది, తోసుకోవడం, అరుచుకోవడం, చోటు కోసం కొట్లాట. వాసన సంగతి చెప్పక్కర్లేదు, పైనుంచి పడేదాని కోసం టోపీ పెట్టుకునే చూడాలి. మేం వెళ్ళింది జులై చివర్లో, పిల్లలు కిందికి దూకే టైం. రెక్కలు ఇంకా సరిగ్గా రానే లేదు, మూడు వారాల పిల్ల, అంత ఎత్తు నుంచి సముద్రంలోకి దూకేస్తుంది, వెనకాలే తండ్రి పక్షి దూకుతుంది. తల్లి కాదు, తండ్రే దాన్ని సముద్రంలోకి తీసుకెళ్ళి వారాల తరబడి మేపుతుంది అని గైడ్ చెప్పాడు. మా బోటు పక్కనే ఒక పిల్ల టప్‌మని పడింది, మునిగింది, తేలింది, కీచుకీచుమని అరిచింది, పైన ఎక్కడి నుంచో తండ్రి జవాబిచ్చి పక్కన వచ్చి వాలాడు. అంత గోలలో ఒకరి గొంతు ఒకరు ఎలా పట్టుకున్నారో! మరో పిల్ల నీళ్ళ దాకా రాలేదు, ఒడ్డు రాళ్ళ మీద పడింది, గ్లాకస్ గల్ అనే పెద్ద పక్షి ఎత్తుకుపోయింది. బోట్లో ఒకావిడ గైడ్‌ని "ఏమైనా చెయ్యండి" అంది, అతను తల అడ్డంగా ఊపి, ఆ గల్‌కి కూడా పిల్లలున్నాయి అన్నాడు.

నేను గైడ్లకి ఐదు మార్కులు వేసింది ఇందుకే. ఒకరు పక్షుల మనిషి, ఒకరు గ్లేసియర్ల మీద రీసెర్చ్ చేసినావిడ, ఒకరు రాళ్ళ మనిషి. మొనాకో గ్లేసియర్ ముందు (మొనాకో రాజు మొదటి ఆల్బర్ట్ 1906, 1907ల్లో ఇక్కడ సర్వేలు చేయించాడు, ఆ పేరు) ఆవిడ ఇంజన్ ఆపేసి మాట్లాడకండి అంది. చుట్టూ తేలే మంచుముక్కల్లోంచి చిటపట చిటపట, పోపు వేగుతున్న చప్పుడు. వందల ఏళ్ళ నాటి గాలి బుడగలు కరుగుతూ పగులుతున్నాయట. ఈ ఒక్క మాట చెప్పే మనిషి లేకపోతే మేం అక్కడ ఫోటోలు తీసుకుని వచ్చేసేవాళ్ళం. సాయంత్రం రీక్యాప్ అని రోజూ ఉంటుంది, ఆ రోజు చూసినవి, రేపటి ప్లాన్. ప్లాన్ అంటే ప్లాన్ ఏ, బీ, సీ. గాలి, మంచు, పొగమంచు, ఎలుగుబంటి, వీటిలో ఏది అడ్డం వచ్చినా మారిపోతుంది. బ్రోషర్‌లో ఉన్న చోట్లలో కొన్ని మాకు రాలేదు, బ్రోషర్‌లో లేనివి వచ్చాయి. టైం టేబుల్ ప్రకారం జరగకపోతే బీపీ పెరిగేవాళ్ళు దీనికి రావద్దు.

నీ-ఓలెసుండ్ గురించి కూడా చెప్పాలి. ప్రపంచంలో బాగా ఉత్తరాన ఉన్న రీసెర్చ్ ఊళ్ళలో ఒకటి, అక్కడ మన దేశం వాళ్ళ స్టేషన్ 'హిమాద్రి' 2008 నుంచి ఉంది. లోపలికి పోనివ్వరు, బయటి నుంచే. అయినా ఆ బోర్డు చూస్తే ఒక రకంగా అయింది. మన తార్నాక సీసీఎంబీ సైంటిస్టులు ధ్రువాల దగ్గరి బ్యాక్టీరియా మీద ఏళ్ళ తరబడి పని చేశారని అక్క గైడ్‌కి చెప్పింది, ఆయన నోట్ చేసుకున్నాడు కూడా. ఊరికి దగ్గర పడగానే ఫోన్లలో వైఫై, బ్లూటూత్ అన్నీ ఆపేయాలి, 20 కిలోమీటర్ల వరకు రేడియో సైలెన్స్, అక్కడి రేడియో టెలిస్కోప్ కోసం. నార్వే సాహస యాత్రికుడు అముండ్‌సెన్ 1926లో నోర్గే అనే ఎయిర్‌షిప్‌లో (గ్యాస్ నింపిన పెద్ద గాలి ఓడ) ధ్రువం మీదుగా అలాస్కాకి వెళ్ళింది ఇక్కడి నుంచే, దాన్ని కట్టేసిన ఇనుప స్తంభం ఇప్పటికీ నిలబడే ఉంది. రోడ్డు పక్కన ఆర్కిటిక్ టెర్న్‌లు గూళ్ళు పెట్టుకుని ఉన్నాయి, దగ్గరికి పోతే నెత్తి మీద పొడుస్తాయి, ఎత్తుగా ఉన్నదాన్నే పొడుస్తాయని గైడ్ చెప్పగానే అక్క తన వాకింగ్ స్టిక్ నిలువుగా పైకి ఎత్తి పట్టుకుని నడిచింది, నేను దాని నీడలో. "ఒసేయ్, కాస్త వంగి నడువ్, నువ్వే ఎత్తుగా ఉన్నావ్" అని తిట్లు.

తిండి. ఏజెంట్ "జైన్ ఫుడ్ కూడా ఉంటుంది మేడమ్" అన్నాడు. షిప్‌లో షెఫ్‌కి జైన్ అంటే ఏంటో తెలీదు, పాపం ఆయన తప్పేముంది, ఎవరూ చెప్పలేదు. బ్రెడ్డు, చీజ్, సలాడ్, పాస్తా, ఆలుగడ్డ, ఇవి బ్రహ్మాండం, కానీ మూడో రోజుకి నాలుక చచ్చిపోతుంది. అడిగితే పప్పు చేసిచ్చారు, తాలింపు లేని పప్పు. మేం కరివేపాకు పొడి, కంది పొడి, గోంగూర పచ్చడి, అటుకులు పట్టుకెళ్ళాం, అన్నం రోజూ అడిగితే పెట్టారు, బతికిపోయాం. నెయ్యి మాత్రం వద్దు, యూరప్ బయటి నుంచి పాల పదార్థాలు, మాంసం నార్వేలోకి తేనివ్వరు. క్యాబిన్‌లో కెటిల్ పెట్టనివ్వలేదు, ఫైర్ సేఫ్టీ అన్నారు, వేడినీళ్ళు లాంజ్‌లో ఇరవై నాలుగు గంటలూ ఉంటాయి.

ఫిర్యాదులు ఇంకొన్ని. లెక్చర్ హాల్ చిన్నది, ఆలస్యంగా పోతే నిలబడాలి. వైఫై డబ్బులు తీసుకుని కూడా ఏడిపించింది. చివరి రోజు టిప్స్ కవరు గదిలో పెట్టి వెళ్ళారు, ఇది ముందే ఖర్చులో రాసి ఉండాలి కదా. కయాకింగ్‌కి వేరే డబ్బు, అది కూడా మనం ఎక్కేసరికే ఫుల్, కావాలంటే టికెట్‌తోపాటే బుక్ చేస్కోవాలి. పార్కా ఇస్తారు, మా సైజు లేక అక్క చేతులు జాకెట్‌లో మాయమయ్యాయి.

ఖర్చు మనిషికి ఫ్లైట్లతో కలిపి ఏడు లక్షలకి కాస్త అటూ ఇటూ అయింది, ఇద్దరం ఒకే క్యాబిన్ షేరింగ్‌లో. దాని మీద టీసీఎస్ (ముందే వసూలు చేసే ఇన్‌కం టాక్స్) పట్టుకుంటారు, అది రిటర్న్స్ వేసేటప్పుడు లెక్కలోకి వస్తుంది, రసీదు దాచుకోండి. ఎమర్జెన్సీ ఇవాక్యుయేషన్ ఉన్న ఇన్సూరెన్స్ తప్పనిసరి, షిప్‌లో డాక్టర్ ఉన్నా పెద్ద జబ్బు అయితే హెలికాప్టర్‌లో లాంగ్‌ఇయర్‌బైయెన్, అక్కడి నుంచి ట్రోమ్సో ఆస్పత్రికి పంపాల్సిందే. ఓస్లోలో ఒక రాత్రి ముందే దిగండి, బ్యాగ్ రాకపోతే షిప్ మీకోసం ఆగదు. చలికి భయపడకండి, జులైలో అయిదారు డిగ్రీలే, కానీ బోటు పరిగెత్తేటప్పుడు గాలి కోసేస్తుంది, డెకాథ్లాన్ థర్మల్స్ రెండు జతలు, వాటర్‌ప్రూఫ్ ప్యాంటు, లోపలొకటి పైనొకటి గ్లౌజులు చాలు. రాత్రి పన్నెండుకి కూడా ఎండే కాబట్టి కళ్ళకి కట్టుకునే మాస్క్ ఒకటి.

ఆ, ఇంకోటి. లాంగ్‌ఇయర్‌బైయెన్‌లో హోటల్‌కి వెళ్ళినా మ్యూజియంకి వెళ్ళినా గుమ్మంలోనే చెప్పులు విప్పాలి, బొగ్గు గనుల రోజుల్లో మసి లోపలికి రాకుండా పెట్టుకున్న అలవాటట, ఇప్పటికీ పాటిస్తున్నారు. మనకేం కొత్త కాదు కానీ, చిల్లుల్లేని సాక్సులు పెట్టుకెళ్ళండి.